చిన్న జట్టుకు పెద్ద టోర్నీలో అండగా నిలబడాలంటే: గ్యాలరీలో చేయాల్సిన పని

2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన ఫుట్‌బాల్ ఆసియా కప్‌కి భారత జట్టు ఫిఫా ర్యాంకుల్లో 102వ స్థానంతో వెళ్ళింది. గ్రూపులో ఎదురైన జట్లు ఆస్ట్రేలియా 25, ఉజ్బెకిస్తాన్ 68, సిరియా 91. మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. ఒక్క గోలు కూడా పడలేదు. ఇలాంటి జట్టు వెనక నిలబడడానికి అభిమానం ఒక్కటే చాలదు. పెద్ద జట్టు అభిమానికి ఊపు ఆటలోంచే వస్తుంది, గంటన్నరలో పదిసార్లు కుర్చీలోంచి లేస్తాడు. మనకు అలాంటి సందర్భాలు రెండో మూడో దొరుకుతాయి. మిగతా ఎనభై నిమిషాలు ఏం చెయ్యాలో ముందే అనుకుని, సరంజామా సిద్ధం చేసుకుని వెళ్ళాలి.

మొదట లెక్క నేర్చుకోండి

ఆసియా కప్‌లో 24 జట్లు, 6 గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి. మూడో స్థానంలో ఉన్న ఆరింటిలో మెరుగైన నాలుగు కూడా వెళ్తాయి. అంటే గ్రూపు దశలో ఇంటికి వెళ్ళేవి 8 జట్లే. చిన్న జట్టు ఆశ అంతా ఈ మూడో స్థానం మీదే ఉంటుంది. రెండు ఓడిపోగానే 'అయిపోయింది' అనుకునేవాళ్ళు ఇది తెలియకే అనుకుంటారు.

ఆ టోర్నీలోనే చూడండి. ఇండోనేషియా ఇరాక్ చేతిలో 1-3, జపాన్ చేతిలో 1-3తో ఓడింది, వియత్నాంపై 1-0తో గెలిచింది. 3 పాయింట్లు, గోల్ తేడా మైనస్ 3. అయినా నాకౌట్‌కు వెళ్ళింది. చైనా, ఒమన్ తమ గ్రూపుల్లో మూడో స్థానంలో ఉండి కూడా 2 పాయింట్లతో ఆగిపోయాయి. ఇప్పుడు మన గ్రూపు చూడండి. ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3 అయ్యాక చాలామంది అభిమానులు ఆశ వదిలేశారు. కానీ ఆఖరి మ్యాచ్‌లో సిరియాపై ఒక్క గోలు తేడాతో గెలిచి ఉన్నా మనం 3 పాయింట్లతో గ్రూపులో మూడో స్థానంలో ఉండేవాళ్ళం. మిగతా గ్రూపుల ఫలితాలు వచ్చిన తీరు ప్రకారం, చైనానూ ఒమన్‌నూ దాటి నాకౌట్‌కు వెళ్ళేవాళ్ళం. ఆ మ్యాచ్ 76వ నిమిషం దాకా 0-0గానే ఉంది. తర్వాత ఒమర్ ఖ్రిబిన్ గోలుతో ఓడిపోయాం.

2019లో ఇంకా దగ్గరికి వచ్చాం. అబుదాబీలో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం. 1964 తర్వాత ఆసియా కప్‌లో మనకు అదే మొదటి గెలుపు. ఆఖరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు, ముందుకు వెళ్తాం. 90 నిమిషాలూ 0-0. ఇంజురీ టైంలో పెనాల్టీ. ఇంటికి.

కాబట్టి మ్యాచ్‌కి ముందు రోజు ఒక చిన్న కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: గెలిస్తే ఏమవుతుంది, డ్రా అయితే ఏమవుతుంది, ఎన్ని గోల్స్ తేడాతో ఓడినా ఇంకా బతికి ఉంటాం. ఆసియా కప్‌లో ఒకే గ్రూపు జట్ల పాయింట్లు సమానమైతే ముందు వాటి మధ్య జరిగిన మ్యాచ్ చూస్తారు. వేరు వేరు గ్రూపుల మూడో జట్లను పోల్చేటప్పుడు మొత్తం గోల్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్ చూస్తారు. ఈ వరస టోర్నీకీ టోర్నీకీ మారుతుంది, నిబంధనల పుస్తకంలో ఆ ఒక్క పేజీ తప్పకుండా చదవండి. ఈ లెక్క వచ్చినవాళ్ళకు 0-2లో ఉన్న 80వ నిమిషం ఖాళీ సమయంగా అనిపించదు. మూడో గోలు పడకుండా ఆపడం కూడా మనకు పాయింటు లాంటిదే.

టికెట్టు, సీటు, సెలవు

ఖతర్‌లో టికెట్లు 25 రియాల్స్ నుంచి దొరికాయి, డబ్బు పెద్ద అడ్డంకి కాలేదు. కష్టమల్లా అందరూ ఒకేచోట కూర్చోవడమే. ఎవరికి వాళ్ళు ఫోన్‌లో కొనుక్కుంటే రెండు వందల మంది పన్నెండు బ్లాకుల్లో చెల్లాచెదురవుతారు. అలా అయితే ఎంత అరిచినా పనికిరాదు. కారణం సూటిగా ఉంది: గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి మీ చప్పట్లు దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా వినిపిస్తాయి. అతను వాటికి కలిపి కొడితే అది మీకు ఇంకో మూడో వంతు ఆలస్యంగా తిరిగి వస్తుంది. తాళం అక్కడే చెడుతుంది. గుంపంతా 30 మీటర్ల వెడల్పులో ఉంటే ఈ ఇబ్బంది ఉండదు.

కాబట్టి ఒకరిద్దరు ముందుగా బ్లాకు ఎంచుకుని, బ్లాకు నంబరు, వరసలు, కొనే సమయం అందరికీ ఒకేసారి పంపాలి. గోలు వెనక ఉండే కింది శ్రేణి మంచిది. మధ్య గీత దగ్గర ఆట బాగా కనిపిస్తుంది, కానీ అక్కడ మొదటి నుంచి చివరిదాకా నిలబడితే వెనకవాళ్ళు ఊరుకోరు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ముందు జాతీయ జట్టు అభిమానుల గుంపు బ్లూ పిల్‌గ్రిమ్స్‌ను, అక్కడి మంజప్పడ (కేరళ బ్లాస్టర్స్ క్లబ్బు అభిమానుల గుంపు) మిత్రులను అడగండి. ఏ బ్లాకులో ఎక్కువమంది ఉన్నారో వాళ్ళకు తెలుస్తుంది. వేరే తెలుగు గుంపు కట్టడం కన్నా ఆ గుంపులో యాభై మంది కలిస్తే జట్టుకు ఎక్కువ మేలు.

సెలవు సంగతి టికెట్టు కన్నా ముందు చూసుకోండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వెళ్ళి క్యాంపుల్లో ఉండేవాళ్ళకు సాధారణంగా శుక్రవారమే సెలవు. మన మూడు మ్యాచ్‌లు శని, గురు, మంగళవారాల్లో పడ్డాయి. మంగళవారం సిరియా మ్యాచ్ అక్కడి సమయం మధ్యాహ్నం 2:30కి మొదలైంది. షెడ్యూలు రాగానే ఫోర్‌మన్‌తో మాట్లాడి, డ్యూటీ మార్చుకునే మనిషిని చూసుకోవాలి. ఆ వారంలో అడిగితే దొరకదు. దారి కూడా ఒకసారి సరిచూసుకోండి. అహ్మద్ బిన్ అలీ స్టేడియానికి మెట్రోలో అల్ రిఫా స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. సిరియా మ్యాచ్ జరిగిన అల్ బైత్ స్టేడియం దోహాకు ఉత్తరాన అల్ ఖోర్‌లో ఉంది, అక్కడిదాకా మెట్రో లేదు. రెండూ ఒకేలా అనుకుని బయల్దేరినవాళ్ళు మొదటి పావుగంట ఆట పోగొట్టుకుంటారు. మనకు ఆ పావుగంట ఎంత ముఖ్యమో ఉజ్బెకిస్తాన్ మ్యాచ్ చూపించింది: 4వ నిమిషానికే మొదటి గోలు, 18వ నిమిషానికి రెండోది.

ఫ్లెక్సీ వద్దు, గుడ్డ కొనండి

మన అలవాటు ఫ్లెక్సీ. స్టేడియానికి అది పనికిరాదు. మడతపెడితే విరుగుతుంది, నిప్పు అంటుకునే సరుకని గేటు దగ్గర ఆపేస్తారు. మూలన దాతల ఫొటోలు, షాపు పేరు, నాయకుడి బొమ్మ ఉంటే వ్యాపార ప్రచారమనో, రాజకీయ ప్రచారమనో అసలే రానివ్వరు.

రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న ముదురు నీలం నూలు గుడ్డ తీసుకోండి. సాధారణంగా ఈ కొలత లోపల ఉన్నవాటికి ప్రత్యేక అనుమతి అడగరు. అంతకన్నా పెద్దదైతే నిర్వాహకులకు ముందే కొలత, రాత పంపి అనుమతి తీసుకోవాలి, నిప్పు అంటని గుడ్డ అన్న పత్రం కూడా అడగొచ్చు. గుడ్డను ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. ఇలా చేయకుండా రంగు వేస్తే తర్వాత గుడ్డ ముడుచుకుని అక్షరాలు వంకర పోతాయి. తెల్ల ఫ్యాబ్రిక్ పెయింటు అర లీటరు రెండు పూతలకు సరిపోతుంది. మొదటి పూత పలచగా వెయ్యాలి. ఒకేసారి చిక్కగా పూస్తే మడత దగ్గర పగులుతుంది. ఒక రోజంతా ఆరాక, రంగు మీద పలచటి గుడ్డ పరిచి వెనక వైపు నుంచి ఇస్త్రీ చెయ్యండి. నాలుగు అంచులూ మడిచి కుట్టించి, అరమీటరుకో ఐలెట్ (తాడు దూర్చే రింగు) వేయించండి. రెయిలింగుకు కట్టడానికి తాడు తీసుకెళ్ళండి, తీగ వద్దు. ప్రకటనల బోర్డు మీద పడేలా కడితే సిబ్బంది వచ్చి విప్పేస్తారు. మ్యాచ్ మధ్యలో వాళ్ళతో వాదించి లాభం లేదు, పది నిమిషాల ఆట పోతుంది.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలి? పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అనుకోండి. ఇరవై అంగుళాల అక్షరం రెండు వందల అడుగుల దాకా హాయిగా చదవొచ్చు. తెలుగులో రాసేవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కుంది: ఒత్తులు. గుణింతం పైకి, ఒత్తు కిందికి పోయి అసలు అక్షరం సగానికి తగ్గిపోతుంది. దూరం నుంచి చూస్తే మచ్చలా ఉంటుంది. ఒత్తు లేని మాటలే ఎంచుకోండి. 'పద ఇండియా', 'వెనకే ఉన్నాం' అన్న రెండింటిలో మొదటిదే దూరానికి తెలుస్తుంది. 'నిజామాబాద్' బాగుంటుంది, 'జగిత్యాల' రాయాలంటే అక్షరం ఇంకా పెద్దది చెయ్యాలి.

జాతీయ జెండా మీద మాత్రం ఏమీ రాయకండి. ఊరి పేరైనా, ఆటగాడి పేరైనా సరే. జెండా మీద రాతలు రాయడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం. జెండా నేలకు తగలకూడదు, నడుం కింద కట్టుకోకూడదు. గెలిచినా ఓడినా లేచి వెళ్ళేటప్పుడు కుర్చీల మీద వదిలేసిన జెండాలు చాలా కనిపిస్తాయి. వాటిని ఏరి మడిచి తీసుకురావడానికి ఇద్దరిని ముందే పెట్టుకోండి.

డప్పు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఉన్న వాద్యాల్లో స్టేడియానికి ఇంతగా నప్పేది ఇంకోటి లేదు. ఒక వైపు తెరిచి ఉంటుంది. లోపల ఏమీ దాచలేదని కనిపించాలి గనక చాలా టోర్నీల్లో ఒక వైపు తెరిచిన వాద్యాన్నే అనుమతిస్తారు. కానీ తోలు డప్పు తీసుకెళ్ళకండి. కొట్టే ముందు దాన్ని మంట దగ్గర కాచాలి, స్టేడియంలో మంట ఎక్కడిది? సాయంత్రపు చల్లదనానికి తోలు వదులై, సగం ఆటకు ముందే గొంతు పోతుంది. ఫైబర్ డప్పు అయితే మొదటి నుంచి చివరిదాకా ఒకే మోత. సిర్ర, చిటికెన పుల్ల రెండింటినీ అనుమతి కోరే జాబితాలో విడిగా రాయండి. డప్పుకు అనుమతి ఉండి కర్రలకు లేక ఆగిపోయేది ఇక్కడే. విడి కర్రలు ఒక జత ఇంకొకరి చేతిలో ఉంచండి. రెండు వందల మందికి ఒక పెద్ద డ్రమ్ము, రెండు డప్పులు చాలు. అయిదారు డప్పులు చేరితే ఎవరి దరువు వాళ్ళదే అవుతుంది.

గొంతు, చప్పట్లు

భారత జట్టు గ్యాలరీలో మలయాళం, బెంగాలీ, మిజో, తెలుగు, కన్నడ అన్నీ వినిపిస్తాయి. అందరూ అందుకోగలిగినవి నాలుగు మాటలకు మించని నినాదాలే. 'ఇండియా' అన్న మాటలో చివరి ఆకారాన్ని సాగదీసి, తర్వాత మూడు దెబ్బలు. దీర్ఘం ఉన్న మాట దూరం పోతుంది, పొట్టి అక్షరాల మాట గాలిలోనే కరిగిపోతుంది. పెద్ద పాటలు మ్యాచ్‌కి గంట ముందు, ఆటగాళ్ళు వార్మప్‌కి వచ్చినప్పుడు పాడుకోండి.

నినాదం అందించే మనిషి, అభిమానుల భాషలో కాపో, మైదానానికి వీపు పెట్టి గుంపు వైపు తిరిగి నిలబడతాడు. అతను ఆట చూడలేడు, అది అతను చేసే త్యాగం. అందుకే ఇద్దరు ఉండాలి, పావుగంటకొకరు మారాలి. డ్రమ్ము వాయించేవాడికి కాపో చేతులు కనిపించాలి, మిగతావాళ్ళు డ్రమ్మును వినాలి. ఈ వరస తప్పితే అంతా గోల.

2016 యూరో ఫుట్‌బాల్ టోర్నీలో 3 లక్షల 30 వేల జనాభా ఉన్న ఐస్‌లాండ్ ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించినప్పుడు లోకమంతా విన్న 'హూ' చప్పట్లను మన జట్టు కూడా మ్యాచ్ అయ్యాక అభిమానులతో కలిసి కొడుతుంది. చేసే పద్ధతి: చేతులు రెండూ తలకు పైగా వెడల్పుగా చాచి ఉంచాలి. డ్రమ్ము మీద రెండు దెబ్బలు, వెంటనే ఒక్క చప్పట, దాంతోపాటే 'హూ'. మళ్ళీ చేతులు విప్పి నిశ్శబ్దం. మొదట్లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆరేడు సెకన్లు, తర్వాత అయిదు, నాలుగు, అలా తగ్గిస్తూ పన్నెండు పదిహేను చప్పట్లకు వేగం అందుకోవాలి. దాదాపు ప్రతిసారీ జరిగే తప్పు ఒకటే: జనం ఆగలేక రెండో చప్పటకే తొందరపడతారు. డ్రమ్ము మోగకుండా చెయ్యి కదపొద్దని కాపో ముందే చెప్పాలి, మధ్య నిశ్శబ్దంలో రెండు అరచేతులూ చూపించి ఆపాలి. ఆ నిశ్శబ్దంలోనే దీని బలమంతా ఉంది. ఆట సాగుతుండగా ఇది వద్దు, ఆ ఖాళీల్లో మన గ్యాలరీ మూగబోయినట్టుంటుంది.

గొంతు గురించి రెండు మాటలు. ముందు రోజు కేకలు వెయ్యకండి. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, గది వేడిమిలో ఉన్న నీళ్ళు గుక్క గుక్కగా తాగండి. ఐసు నీళ్ళు వద్దు. కడుపులోంచి అరవాలి, మెడ నరాలు ఉబ్బుతున్నాయంటే గొంతుతో అరుస్తున్నట్టే.

ఎప్పుడు ఏం చెయ్యాలి

జట్టు జాబితా సుమారు గంట ముందు వస్తుంది. ఐస్‌లాండ్ అప్పటి కోచ్ హైమిర్ హాల్‌గ్రిమ్సన్ సొంతగడ్డ మీద మ్యాచ్‌లకు ముందు అభిమానుల గుంపు టోల్ఫన్ కూర్చునే చోటికి స్వయంగా వెళ్ళి, జట్టునూ ఎత్తుగడనూ చెప్పేవాడు. మనకా అదృష్టం లేదు గాని, జాబితా చూస్తే చాలావరకు తెలుస్తుంది. డిఫెండర్లు అయిదుగురుంటే ఇవాళ మన పెనాల్టీ బాక్సు ముందు రెండు వరసల గోడ కడతారని అర్థం. బంతి ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే ఉంటుంది. దాన్ని చేతగానితనంగా చూడకండి. ఆస్ట్రేలియా మ్యాచ్‌లో మనవాళ్ళు మొదటి సగమంతా అలాగే నిలిచారు, 0-0తో విరామానికి వెళ్ళారు. 50వ నిమిషంలో గానీ గోడ పగలలేదు. 16వ నిమిషంలో మన కెప్టెన్ సునీల్ ఛెత్రీ తలతో కొట్టిన బంతి పక్కకు పోయింది. అదే మనకు దొరికిన మంచి అవకాశం.

ఇలాంటి ఆటలో గోలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గ్యాలరీ చచ్చిపోతుంది. చిన్న గెలుపులకే చప్పట్లు కొట్టాలి. అడ్డుపడి ఆపిన షాటు, బయటికి తన్నిన బంతి, వాళ్ళ సగంలో దొరికిన త్రో, కార్నర్. మన డిఫెండర్ సందేశ్ జింగన్ ఒక టాకిల్ గెలిచినప్పుడు స్టేడియం గోలు పడినట్టు అరిస్తే, పక్కనున్న కుర్ర డిఫెండర్ కూడా ఒక అడుగు ముందుకు వేస్తాడు.

బంతి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు ఈలలు, డప్పు, ఎడతెగని మోత. మన దగ్గరికి రాగానే దరువు నెమ్మదించి ఒక తాళంలోకి రావాలి. మనవాడు వెనక్కి పాస్ ఇస్తే 'అయ్యో' అనకండి. ఆ నిట్టూర్పు మైదానంలోకి వినిపిస్తుంది, తర్వాతి బంతిని వాడు భయంతో గాల్లోకి తన్నేస్తాడు. మన గోలు ముందు వాళ్ళకు కార్నర్ వచ్చినప్పుడు, ఆ గోలు మీ వైపే ఉంటే డప్పు ఆపెయ్యండి. గోల్‌కీపర్ తన డిఫెండర్లకు ఎవరిని పట్టుకోవాలో అరిచి చెప్పాలి, ఆ మాట వాళ్ళకు వినపడాలి. చాలామంది అక్కడే అన్నిటికన్నా ఎక్కువ మోత చేస్తారు.

గోలు తిన్నాక వచ్చే మొదటి నిమిషమే ఈ పనిలో అసలు పరీక్ష. గ్యాలరీ దానంతటదే కూర్చుండిపోతుంది. బంతి మధ్యలో పెట్టేలోపే డ్రమ్ము మోగాలని ముందే అనుకోండి. కొత్త నినాదం కాకుండా అప్పటిదాకా బాగా పలికిన దాన్నే ఎత్తుకోండి. 0-2 అయితే జేబులోని కాగితం చూడండి, ఎంతవరకు బతికి ఉన్నామో దాని మీద రాసి ఉంది.

ఓడాక ఆటగాళ్ళు మీ వైపు వస్తారు. అందుకు అయిదారు నిమిషాలు పట్టొచ్చు, అప్పటిదాకా ఎవరూ మెట్లెక్కకండి. ఆ రాత్రి ఫోన్‌లో ఏ ఆటగాడి పేజీ మీదా తిట్లు రాయకండి. విమర్శ ఉంటే ఎత్తుగడ మీద, సమాఖ్య పనితీరు మీద రాయండి. మూడు రోజుల్లో ఇంకో మ్యాచ్ ఆడాల్సిన మనిషి అదంతా చదువుతాడు.

ఇక్కడి నుంచి చూసేవాళ్ళకు

ఖతర్ మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మన మ్యాచ్‌లు సాయంత్రం 5కి, రాత్రి 8కి పడ్డాయి, పదిమందిని పోగు చేయడానికి మంచి వేళలు. ఫోన్ యాప్‌లో ప్రసారం టీవీ కన్నా అర నిమిషం దాకా వెనకబడొచ్చు. పక్క గదిలో టీవీ ఉంటే గోలు ముందే తెలిసిపోతుంది. అందరి ఫోన్లలో స్కోరు సందేశాలు ఆపెయ్యమనండి. ప్రొజెక్టరుకూ నెట్ పెట్టెకూ రెండింటికీ ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో చూడండి. కరెంటు పోయినప్పుడు ప్రొజెక్టరు వెలిగినా నెట్ పోతే లాభం లేదు.

టోర్నీకీ టోర్నీకీ మధ్య

2025 అక్టోబరు 14న మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడడంతో పురుషుల జట్టుకు 2027 సౌదీ ఆసియా కప్ దూరమైంది. అదే ఏడాది జులైలో మహిళల జట్టు చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల్లో గెలిచి మొదటిసారి ఆసియా కప్ చోటు సంపాదించింది. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతుంది. పురుషుల జట్టుకు సిద్ధం చేసిన డప్పు, బ్యానరు ఈ జట్టుకూ తీసుకెళ్ళండి, అక్కడ గ్యాలరీ ఇంకా పలచగా ఉంటుంది, మీ యాభై గొంతులకు విలువ ఎక్కువ.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు గచ్చిబౌలి స్టేడియమే సాధన చేసే చోటు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో మలేసియాతో స్నేహపూర్వక మ్యాచ్ అక్కడే జరిగాయి. ఇది సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. 1962లో జకార్తాలో స్టేడియమంతా వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టుకు ఆయనే కోచ్. కొత్త కాపోను, కొత్త దరువును ముందు గచ్చిబౌలిలో పరీక్షించండి. అక్కడ తాళం తప్పితే సరిదిద్దుకోవచ్చు.

బ్యానరును తడి లేకుండా, రాత లోపలికి వచ్చేలా చుట్టి, మడతల మధ్య పాత పంచె ముక్క వేసి దాచండి. నాఫ్తలీన్ ఉండలు రంగుకు తగలకుండా విడి గుడ్డలో కట్టి పెట్టాలి. ఫైబర్ డప్పును మాత్రం ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, రింగు దగ్గర చీలుతుంది. ఆర్నెల్లకోసారి తీసి, బోల్టులు బిగించి, పది నిమిషాలు వాయించి చూడండి.